యమునాబాయికి మరాఠీ రాదు

మా దాజీ పేట్‌లో ఎవరినైనా అడగండి, యమునాబాయికి మరాఠీ రాదని చెప్తారు. నలభై నాలుగేళ్ళ కింద సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెళ్ళిచీరతో షోలాపూర్‌లో దిగినదాన్ని. ఇంట్లో తెలుగు, గల్లీలో తెలుగు, బీడీల కార్ఖానాలో తెలుగు. మరాఠీ నాకు కూరగాయల బజారు వరకే. అది కూడా నా నోట్లో పడితే ఆడమనిషి మగమనిషి అయిపోతుంది. ఒకసారి దవాఖానాలో డాక్టరమ్మ వచ్చిందా అని అడగబోయి "మేడమ్ ఆలా కా?" అన్నాను. మేడమ్ వచ్చాడా అని. నర్సులు నవ్వు ఆపుకోలేక బల్ల వెనక్కి వంగారు. మా పక్కింటి సరోజ ఆ ముచ్చటను ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. నవ్వుకోనీ, నాదేం పోయింది!

ఈ శ్రావణంలో మాత్రం నా మరాఠీ నవ్వులాటతో పోలేదు. కోర్టులో, జడ్జి ముందర, ముసలిది ఒక్క మాట తప్పు విన్నదనీ, దానివల్లనే కొడుకు ఇంటికి రాకుండా పోయాడనీ గల్లీ అంతా అనుకుంటోంది. ఆ సంగతే చెప్తాను.

నా కొడుకు వినాయక్ ఒక్కగానొక్కడు. కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్ షెడ్డులో చద్దర్లు నేస్తాడు. మొన్న మాఘంలో కోర్టు వాడి మీద ఒక ఆర్డర్ ఇచ్చింది. ఏడాది పాటు మా ఇంటి గడప తొక్కకూడదు, భార్యను కలవకూడదు, ఫోన్ చెయ్యకూడదు. అడిగి ఆ ఆర్డర్ తెచ్చుకున్నది నా కోడలు ఋతుజ. చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పింది నేను. ఒక శనివారం వాడు తాగి వచ్చి, బయటికి పోబోతున్న ఋతుజ చెయ్యి తలుపు సందులో ఉండగానే తలుపు మూశాడు. చూడక కాదు, చూసే మూశాడు. కుడిచేతి చూపుడువేలు విరిగింది. అతుక్కున్నది గాని ఇప్పటికీ వంగదు. కొట్టడం అది మొదటిసారి కాదు. కానీ ఆ రోజు వాడు నా కంటికి కొడుకులాగా కనిపించలేదు. దవాఖానాకు నేనే తీసుకుపోయాను, అడిగినవాళ్ళకు నేనే చెప్పాను.

అయితే తల్లి కోపం ఎన్నాళ్ళుంటుంది చెప్పండి! ఉగాది దాటింది, ఎండలు ముదిరాయి, తొలి వాన పడింది. ఆషాఢం వచ్చేసరికి నాకు కోపం ఎక్కడ పెట్టానో దొరకలేదు. మిగిలిందల్లా బెంగ. మేకుకు వాడి బనీను అట్లాగే వేలాడుతుండేది. దాన్ని దులిపే సాకుతో రోజూ ముక్కుకు దగ్గర పెట్టుకునేదాన్ని. మా గల్లీలో పొద్దున లేస్తే మగ్గాల చప్పుడే, పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినపడదు. సాయంత్రం పాళీ మారి ఒక షిఫ్టువాళ్ళు దిగే వేళకు మాత్రం మగ్గాలు కాసేపు ఆగుతాయి. అప్పుడు ఇళ్ళకు పోయేవాళ్ళ చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. నా కొడుకు ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. వందమందిలో ఆ చప్పుడు నేను పట్టగలను. ఆ వేళకు చేతిలో పని ఆపి వినేదాన్ని. వాడు రాడని తెలుసు. తెలిసినా నా చెవులు నా మాట వినేవి కావు.

వాణ్ణి కలవొద్దని కోర్టు నాకు చెప్పలేదు. అందుకని చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, డబ్బా పట్టుకుని నేరుగా కుంఠా నాకాకు పోయేదాన్ని. వాడు షెడ్డులోనే మూలకు ఒక చాప వేసుకుని ఉంటున్నాడు. తలనిండా దూది నూగు. ముప్ఫై రెండేళ్ళవాడు నూగుతో ముసలాడిలా ఉన్నాడు.

"ఏం తెచ్చినవ్ అమ్మా?"

"జొన్నరొట్టె, వంకాయ, శేంగా చట్నీ."

"చట్నీ ఆమె చేసిందా?"

"పల్లీలు ఆమె దంచింది."

వాడు రొట్టె ముట్టుకోకుండా ముందు చట్నీని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కకు తిరిగి మగ్గం చూస్తున్నట్టు నిలబడ్డాను.

"మూడు నెలలాయె అమ్మా, సుక్క ముట్టలే. తింటున్న బువ్వ మీద ఒట్టు. కావాలంటే మల్లేశం కాకాను అడుగు."

మల్లేశం వాడి పక్క మగ్గం మీద పని చేస్తాడు, నాకు వరసకు మరిది అవుతాడు. అడక్కముందే అవునన్నట్టు తల ఊపాడు.

"పున్నం నాటికన్న నన్ను ఇంటికి రానియ్యుండ్రి. మన గడప మీద నూలు కట్టించుకోవాలె. ఏడాది దాంక ఈడనే పండితే నేను మనిషినే కాకుంట పోత."

శ్రావణ పున్నమిని మేం నూలు పున్నం అంటాం. నేసేవాళ్ళ పండగ. మగవాళ్ళు కొత్త జంధ్యం వేసుకుంటారు, మార్కండేయుడి రథం ఊరు తిరుగుతుంది. మా ఇంట్లో మా అత్త నాటి నుంచి ఇంకొకటి ఉంది. ఇంటి పెద్దామె పసుపులో ముంచిన నూలుపోగును ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరి మణికట్టుకూ గడప మీద నిలబెట్టి కడుతుంది. గడప దాటి కట్టకూడదు. ఆమె చేతికి కట్టే హక్కు కొడుకుది. పెళ్ళి కాకముందు నుంచీ నా చేతికి వాడే కడుతున్నాడు.

"వకీల్ చెప్పిండమ్మా. ఆర్డర్ అడిగినోళ్ళే తీసెయ్యమని అర్జ్ పెట్టుకుంటే కోర్టు తీసేస్తదట. ఆమె ఒక్క సహీ చెయ్యాలె, గంతే. నువ్వు చెప్తే వింటది."

"నేనేం చెప్పాల్రా?"

"నా మీద చెప్పినవ్ గద అమ్మా! ఇప్పుడు నా కోసం చెప్పు."

వాడు డబ్బా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకో మాట కూడా అన్నాడు.

"అసలు ఆమె ఆనాడు జర నోరు మూసుకొని ఉంటే గిదంత అవుతుండెనా?"

మా ఆయన ఎల్లయ్య కూడా నన్ను ఇట్లాగే అనేవాడు. ఆ మాట నేను విన్నాను. వినీ విననట్టు డబ్బా మూత పెట్టుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం నుంచి కోడలి మీద పడ్డాను. నేరుగా అడిగితే అత్తనెట్లా అవుతాను! చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. మేమిద్దరం పని చేసేదే ఎదురెదురుగా. ఋతుజ ఆకు కత్తిరించి, తంబాకు పోసి బీడీ చుడుతుంది. వేలు వంగదు కాబట్టి కొస మడిచి మూతి మూయడం ఆమె వల్ల కాదు. ఆ పని నాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చేసేంత పని అవుతుంది. నేను మూతులు మూస్తూ మూస్తూ నా మూతి మాత్రం మూసేదాన్ని కాదు.

"విన్యా సన్నబడ్డడు."

ఋతుజ ఇంకో ఆకు తీసుకునేది.

"షెడ్ల దోమలట. చెవుల కాడ గుయ్యిమంటయట."

కత్తెర చప్పుడు కొంచెం జోరు అయ్యేది. ఋతుజది పెద్దగా మాట్లాడే స్వభావం కాదు. తల్లి లేదు. అన్న ఉన్నాడు గాని, రెండు రోజులు దాటితే వదిన గిన్నెలు మోగిస్తుంది. అందుకే నా దగ్గరే ఉండిపోయింది. ఇది తెలిసి కూడా నేను దోమల గురించి, నూగు గురించి, చాప గురించి పది పదిహేను రోజులు చెప్పాను. ఒక రోజు చెప్తూ చెప్తూ ఏడ్చాను. నటన కాదు, నిజంగానే ఏడుపు వచ్చింది.

ఋతుజ చాట పక్కన పెట్టింది.

"నాకు గూడ యాదికొస్తడు అత్తమ్మా. ఆదివారం పొద్దుగాల యాదికొస్తడు. మటన్ తెచ్చి, అంగీ ఇప్పి, నువ్వు జరుగు నేనే వండుత అంటుండె. ఎంత మంచిగ వండుతుండె! శనివారం మాపటికి మాత్రం యాదికి రాడు. శనివారం మాపటికి తలుపు యాదికొస్తది."

"మారిండే బిడ్డా. ముట్టుత లేడట. మల్లేశం గూడ చెప్పిండు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మీరు చెప్పుండ్రి అత్తమ్మా. తీపిచ్చేద్దామా?"

అడిగింది నన్ను. మోయలేని బరువును తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను ఒక్క నిమిషం ఆలోచించినా నా మీద నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు. ఆమె మాట పూర్తి కాకముందే "తీపిచ్చేద్దాం" అన్నాను.

కోర్టులో ఋతుజ తరఫున సర్కారు పెట్టిన వకీలమ్మ ఉంది. ఆమె అర్జీ రాస్తూ, "మాఘం ఎంతో దూరం లేదు, అప్పటిదాకా ఆగరాదా?" అని రెండుసార్లు మరాఠీలో అడిగింది. ఋతుజ వద్దన్నట్టు తల ఊపింది. నేను అర్థం కానట్టు గోడ మీది క్యాలెండర్ చూశాను. తారీఖు పున్నానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు పడింది.

ఇంటికి వచ్చాక నేనే కోడలికి తాలీమ్ మొదలుపెట్టాను.

"జడ్జి నిన్ను ఒక్క మాట అడుగుతది. స్వఖుషీనే అర్జ్ పెట్టినవా అంటది. నువ్వు హో అనాలె. తల ఎత్తి అనాలె."

హో అంటే అవునని ఆమెకు నేను చెప్పాలా! ఋతుజ మరాఠీ బడిలో పదోది దాకా చదివిన పిల్ల. ఫక్కున నవ్వింది. ఆర్నెల్లలో ఆమె అట్లా నవ్వగా చూడలేదు.

"గంత పెద్ద మాట మీకెట్ల ఎరుక అత్తమ్మా?"

"ఎరుక లేకేం? నా బీడీ కార్డు నీ పేరు మీదికి మార్చిన్నాడు కార్ఖానా మునీం గదే అడిగె. స్వఖుషీనే ఇస్తున్నవా అని. గదేందయ్యా అంటే అర్థం గూడ చెప్పిండు. నీ ఇష్టంతోనేనా, ఎవరన్న జబర్దస్తీ చేసిన్రా అని. అప్పుడు ఏలిముద్ర ఏసిన. ఊఁ, ఇంగ అను. స్వఖుషీనే?"

"హో."

"తల ఎత్తు."

"హో."

"గట్టిగ!"

"హో అత్తమ్మా, హో, హో!" అని మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మా ఇల్లు మా ఇంటిలా ఉన్నట్టు అనిపించింది.

ఇక నాకు కాలు నిలవలేదు. బనీను ఉతికాను. వాడి పళ్ళెం చింతపండుతో తోమాను. నూలు చిలప తెచ్చి మూడు పోగులు తీసి దేవుడి గూట్లో పెట్టాను. నాకు ఒకటి, కోడలికి ఒకటి, కొడుకుకు ఒకటి. ఆ మూడింటినీ చూసుకుని మురిసిపోయాను.

తారీఖుకు వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం కార్ఖానా నుంచి ఇంటికి వచ్చాను. మాది ఒకటే గది, గల్లీ వైపు ఒకటే తలుపు. వెలుతురంతా తలుపులో నుంచే రావాలి. ఆకు ఈనె కనిపించాలంటే తలుపు దగ్గరే కూర్చోవాలి. ఈ ఆరు నెలలూ ఋతుజ తలుపుకు వీపు పెట్టి, భుజం మీద నుంచి వెలుతురు చాటలో పడేటట్టు కూర్చునేది. అది మంచి పద్ధతే కాబట్టి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

ఆ రోజు ఆమె అక్కడ లేదు. లోపలి గోడకు వీపు ఆనించి, మొహం తలుపు వైపు పెట్టి కూర్చుంది. నేను అడుగు లోపల పెట్టేసరికి ఉలిక్కిపడింది. కత్తెర చేతిలో నుంచి జారింది.

"ఏందే, గా చీకట్ల కూసున్నవ్?"

"ఈడ గాలి మంచిగొస్తుంది అత్తమ్మా."

ఆ గోడ దగ్గర గాలి రాదు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు! అక్కడ గోడ మీద మనిషి వీపంత నల్లటి నూనెమరక ఉంది. ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలుతుంది. అది నాది. ఎల్లయ్య పోయేదాకా ఇరవై రెండేళ్ళు నేను ఆ గోడకే ఆనుకుని, తలుపు చూస్తూ బీడీలు చుట్టాను. ఎందుకే అక్కడ అని మా అత్త అడిగితే నేనూ గాలి అనే చెప్పాను. ఇప్పుడు ఆ మరక ఋతుజ వీపు వెనక పడి కనిపించడం లేదు.

కాళ్ళు కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. అప్పటిదాకా చుట్టిన బీడీలన్నీ వంకరగా ఉన్నాయి. సరిచేసుకుంటూ ఒక్కొక్కదానికే మూతి మూశాను. అంతసేపూ నా నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

అప్పుడే నేనేదో తీర్మానం చేసుకున్నానని అనుకోకండి. లేదు. మర్నాడు మళ్ళీ చట్నీ పట్టుకుని కుంఠా నాకాకు పోయాను. "ఇంక వారమే కొడుకా" అని వాడి తలలో నూగు ఏరాను.

కోర్టు రోజు వాడు మాకంటే ముందే వచ్చాడు. తెల్ల అంగీ, ఇస్త్రీ చేసింది. బడికి పోయేటప్పటిలాగా తల నీళ్ళతో దువ్వుకున్నాడు. మా దగ్గరికి రాకూడదని దూరంగా స్తంభం పక్కన నిలబడి నన్ను చూసి నవ్వాడు. ఎప్పుడెప్పుడు ఇంటికి తీసుకుపోతానా అని ప్రాణం కొట్టుకుంది.

జడ్జి ఆడమనిషే, కళ్ళద్దాలు పెట్టుకుంది. వకీలమ్మ కాగితం చదివింది. జడ్జి ఋతుజను అడిగింది.

"హా అర్జ్ స్వఖుషీనే కేలాస్ కా?"

"హో."

నేను నేర్పినట్టే అన్నది. కానీ తల ఎత్తలేదు. ఆ హో పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. కుడిచేతిని కొంగులో దాచుకుంది. కళ్ళు ఆ గది తలుపు మీద ఉన్నాయి.

జడ్జి పాత కాగితాలు తిరగేసింది. నా పేరు దొరికినట్టుంది. యమునాబాయి ఎవరంది. నేను ముందుకు జరిగాను.

"ఆజీ, సూన్ స్వఖుషీనే ఆలీ కా?"

అవ్వా, కోడలు తన ఇష్టంతోనే వచ్చిందా అని. గదిలో అందరూ నా వైపు చూశారు. వినాయక్ అవతల నుంచి హో అను, హో అను అన్నట్టు తల ఊపుతున్నాడు. నేను వాడిని చూశాను. తెల్ల అంగీని, తడి జుట్టును, కళ్ళనిండా చూశాను.

"ఖుషీ?" అన్నాను. "ఖుషీ కుఠలీ సాహెబ్! తో ఘాబర్తో. దివస్‌భర్ దార్ బఘత్ బసతో."

సంతోషం ఎక్కడిది సాయిబూ, వాడు భయపడుతున్నాడు, రోజంతా తలుపు చూస్తూ కూర్చుంటున్నాడు. నేనన్నది ఇదీ. టైపు చేసే అతను మొహం వంచి నవ్వుకున్నాడు.

"తో కోణ్, ఆజీ? ములగా?" వాడంటే ఎవరు, నీ కొడుకా అంది జడ్జి.

"నాహీ సాహెబ్. హీ. మాఝీ సూన్." కాదు, ఈమె, నా కోడలు అని ఋతుజ భుజం మీద చెయ్యి వేశాను. ఆ ఒక్కసారి ఆడా మగా సరిగ్గానే వచ్చింది.

వకీలమ్మ లేచి, ఆజీకి మరాఠీ రాదు, స్వఖుషీని ఖుషీ అనుకుంది అని ఏదో సర్దబోయింది. జడ్జి నవ్వలేదు. ఋతుజ వైపు తిరిగి, తలుపు ఎందుకు చూస్తావమ్మా అని మెల్లగా అడిగింది. కొంగులో నుంచి ఋతుజ కుడిచెయ్యి బయటికి వచ్చి బల్ల అంచు పట్టుకుంది. నాలుగు వేళ్ళు వంగాయి, చూపుడువేలు నిటారుగా ఉండిపోయింది. జడ్జి దాన్ని చూసి, కళ్ళద్దాలు సవరించుకుని రాయడం మొదలుపెట్టింది.

అర్జీ కొట్టేశారు. మాఘం దాకా ఆర్డర్ ఉన్నది ఉన్నట్టే ఉంటుందన్నారు.

వసారాలో వినాయక్ దూరం నుంచే అరిచాడు.

"ఏం మాట ఆడినవే అమ్మా! ఎంత పని జేసినవ్!"

"నాకేం ఎరుక బిడ్డా? ఖుషీ అన్నట్టే వినపడ్డది."

వాడు నెత్తి కొట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. నేను వాడి దగ్గరికి పోలేదు. పోతే ఏం చెప్పేస్తానోనని పోలేదు.

రిక్షా మా గల్లీ మలుపు తిరిగాక ఋతుజ అన్నది.

"నేను హో అన్న గద అత్తమ్మా."

"అన్నవ్ బిడ్డా."

"తల ఎత్తలే."

"అవ్. ఎత్తలే."

అంతే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

గల్లీకి మాత్రం పండగైంది. సరోజ ఇంటింటికీ తిరిగి చెప్పింది. "యమునక్క ఖుషీ లేదన్నదట! కొడుకు ఇంటికొచ్చేదాన్ని చేజేతుల ఆపుకున్నది, పాపం!" డాక్టరమ్మ ముచ్చట పాతబడింది, దాని చోట్లోకి ఇది వచ్చింది. కార్ఖానాలో మునీం కూడా నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ మాటకు నాకు అర్థం చెప్పింది తనేనని అతనికి జ్ఞాపకం లేదు.

నూలు పున్నం నాడు దేవుడి గూట్లో నుంచి ఒక పోగు తీసుకుని కొంతం చౌక్‌కు పోయాను. రథం వస్తోంది. లేజీమ్‌లు, డోళ్ళు, గులాల్, ఇసుక వేస్తే రాలని జనం. వినాయక్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అంగీ గుండీల సందులో నుంచి కొత్త జంధ్యం కనిపిస్తోంది.

"గడప మీద కట్టాలె గద అమ్మా."

"ఈ ఏడు గిట్లనే."

చెయ్యి చాపాడు. మూడు ముళ్ళు వేశాను. మణికట్టు ఎముక తేలింది. పోగు కట్టాక కూడా ఆ చెయ్యి వదలలేదు నేను.

"నీ మరాఠీ పాడుగాను! గా ఒక్క మాట సరిగ్గ ఇనుంటే ఈ యాళకు నేను ఇంట్ల ఉంటుంటి," అన్నాడు. తిట్టు కాదది. నవ్వుతూ ఏడుస్తూ అన్నాడు.

సరిగ్గానే విన్నాను కొడుకా. ఆ మాట నాకు తెలుసు. నీ పెళ్ళానికి తాలీమ్ ఇచ్చిందే నేను. ఇదంతా నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే నా చేతి రొట్టె కూడా తినడేమోనని భయమేసింది. అందుకే చెప్పలేదు, గొప్ప కారణమేమీ లేదు.

"నీకెవరు కట్టిన్రు?" అని నా చెయ్యి చూశాడు.

"ఇంకా లేదు."

"తే, నేను కడత."

"పోగు ఇంట్ల ఉన్నది బిడ్డా."

వాడు తల దించుకున్నాడు. రథం కదిలింది, జనం తోసుకొచ్చారు. వాడు ఎడమకాలు ఈడ్చుకుంటూ రథం వెంట పోయాడు. డోళ్ళ మోతలో ఆ చెప్పుల చప్పుడు నాకు వినపడలేదు. జనంలో తెల్ల అంగీ కనిపించినంతసేపు నిలబడి చూశాను.

ఇంటికి వచ్చేసరికి ఋతుజ గడప మీద రెండు పోగులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేతికి నేను కట్టాను. "మీ చెయ్యి ఇటియ్యుండ్రి" అన్నది. కోడలు కట్టే ఆచారం లేదు మా ఇంట్లో. ఇచ్చాను. వంగని వేలితో ముడి పడలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి పోగు కొసను పళ్ళతో పట్టి లాగి బిగించింది.

తర్వాత చాట ముందేసుకుని పనికి కూర్చుంది. నేను మూతులు మూయడానికి ఎదురుగా కూర్చున్నాను. సరోజ వాకిట్లో నుంచే కేకేసింది.

"యమునక్కా! మాఘం నాటికన్న మరాఠీ నేర్చుకుంటవా లేదా?"

నేను నోరు తెరిచేలోపే ఋతుజ జవాబు చెప్పింది.

"మా అత్తమ్మకు మరాఠీ రాదు, సరోజక్కా. ఆమెను ఏమనకు."

మొహంలో నవ్వు లేదు, ఏమీ లేదు. ఆకు కత్తిరిస్తూనే ఉంది.

పున్నం రోజున కూడా మా గల్లీలో రెండు షెడ్లు నడుస్తాయి. సాయంత్రం పాళీ మారింది, మగ్గాలు ఆగాయి. గల్లీలో చెప్పుల చప్పుళ్ళు మొదలయ్యాయి. నా చేతులు ఆగిపోయాయి. అందులో ఒకటి ఎడమకాలు ఈడుస్తుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. రోజూ వింటాను. మాఘం దాకా వింటూనే ఉంటాను, ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు.

చెప్పుల చప్పుళ్ళు మా వాకిలి ముందుకు వచ్చాయి, దాటిపోయాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకు వీపు పెట్టి, చాటలో పడ్డ వెలుతురులో ఋతుజ బీడీ చుడుతోంది. తల తిప్పి చూడలేదు.